సముద్రపు పక్షి ఇంటి కప్పును ఎందుకు ఎంచుకుంటుంది?

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో కిందటేడు ఇల్లు కొనుక్కున్న మీరు, ఏప్రిల్ నుంచి మీ పొగగొట్టం పక్కన ఒక సీగల్ జంట గూడు పెట్టిందనీ, తెల్లవారుజామున నాలుగు గంటలకే మొదలయ్యే వాటి అరుపులతో ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండటం లేదనీ రాశారు. సముద్రం పది కిలోమీటర్లకు పైగా అవతల ఉండగా ఇవి ఊరి నడుమకు ఎందుకు వచ్చాయి, వీధుల్లో తిండి పారెయ్యడం అందరూ మానేస్తే తిరిగి వెళ్ళిపోతాయా, ఈ జంటను సాగనంపే మార్గం ఏమైనా ఉందా అని అడిగారు. ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లండ్, వేల్స్ పట్టణాల్లో కప్పులెక్కి గూళ్ళు లెక్కపెట్టే పనిలో ఉన్నాను కాబట్టి, ఈ మూడింటికీ కాస్త వివరంగానే జవాబు రాస్తున్నాను. మూడో ప్రశ్నకు సరైన జవాబు మొదటి ప్రశ్నలోనే ఉంది, అందుకని ఓపికగా చదవమని కోరుతున్నాను.

‘చెత్త తినడానికి వచ్చాయి’ అని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది సగం నిజం. గుడ్లు ఎక్కడ పెట్టాలన్నది పక్షికి ఒక నిర్ణయం, తిండి ఎక్కడ తెచ్చుకోవాలన్నది మరొక నిర్ణయం. మనుషుల పనులు ఈ రెండింటినీ వేర్వేరు దారుల్లో, వేర్వేరు కాలాల్లో మార్చాయి. వీటిని విడదీసి చూడకపోతే మీ కప్పు మీద జరుగుతున్నది అర్థం కాదు, మీరు చెయ్యబోయే ఉపాయం కూడా ఫలించదు.

మీది విశాఖపట్నం అని రాశారు గనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. చలికాలంలో చేపల రేవులో పడవలు సరుకు దించే వేళకు, గద్దలూ కాకులతో పాటు నీటి మీద తిరిగే తెల్లని గల్ పక్షులను మీరు చూసే ఉంటారు. వాటిలో గోధుమ రంగు తల ఉన్న గల్ చాలా సాధారణం, అయితే చలికాలంలో ఆ రంగు తలపై పూర్తిగా కనిపించదు, కంటి వెనుక ఒక చుక్కగా మాత్రమే మిగులుతుంది. ఆ పక్షులు గుడ్లు పెట్టేది లద్దాఖ్, టిబెట్ పీఠభూమి మీది సరస్సుల దగ్గర. మన తీరానికి అవి తిండి కోసం, వెచ్చదనం కోసం వచ్చి, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాయి. అందుకే మనవాళ్ళలో గల్ గూడును దగ్గరగా చూసినవారు అరుదు. తిండి దొరికినంత మాత్రాన పక్షి ఆ చోటునే కాపురం పెట్టదని చెప్పడానికి విశాఖ రేవే మంచి ఉదాహరణ. బ్రిస్టల్‌లో ఉన్నవి వేరే జాతులు. ఇక్కడ అవి తినడమే కాదు, కాపురం కూడా పెట్టాయి.

మీ ఇంటి మీద ఉన్నది ఏదో మీరు చెప్పలేదు. బ్రిస్టల్ కప్పుల మీద ప్రధానంగా రెండు జాతులు ఉంటాయి. వీపు లేత బూడిద రంగులో, కాళ్ళు గులాబీ రంగులో ఉంటే అది హెర్రింగ్ గల్. వీపు ముదురు బొగ్గు రంగులో, కాళ్ళు పసుపు పచ్చగా ఉంటే అది లెస్సర్ బ్లాక్ బ్యాక్డ్ గల్, దీన్ని ఇక నల్లవీపు గల్ అని రాస్తాను. హెర్రింగ్ గల్ ఎక్కువగా కొండ చరియలనూ ఏటవాలు ప్రదేశాలనూ ఇష్టపడే పక్షి, నల్లవీపు గల్ దీవుల మీది చదునైన గడ్డి నేలలను ఇష్టపడేది. పట్టణంలో కూడా ఈ అలవాటు కనిపిస్తుంది. పాత ఇళ్ళ పొగగొట్టాల మధ్య హెర్రింగ్ గల్ తరచుగా తగులుతుంది, గోదాములూ కర్మాగారాల చదును కప్పుల మీద నల్లవీపు గల్ గుంపులుగా కూర్చుంటుంది. ఇది గట్టి నియమమేమీ కాదు, తారుమారైన గూళ్ళు నేనే చాలా చూశాను.

ఇక చరిత్ర. పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటన్ తీరాల్లో సముద్ర పక్షులను వినోదానికీ ఈకలకూ విపరీతంగా కాల్చేవారు, గుడ్లను తిండి కోసం బుట్టలకొద్దీ ఏరేవారు. 1869లో సముద్ర పక్షుల రక్షణకు అక్కడ మొట్టమొదటి చట్టం వచ్చింది. చట్టమూ, మెల్లగా మారిన జనం అలవాట్లూ కలిసి ఇరవయ్యో శతాబ్దంలో గల్ పక్షుల సంఖ్యను బాగా పెంచాయి. అదే కాలంలో మరపడవల వేట పెరిగి, పనికిరాని చిన్న చేపలనూ పేగులనూ పడవ మీది నుంచే సముద్రంలోకి విసిరెయ్యడం మామూలైంది. ఊళ్ళు పెరిగి, ఊరవతల డంపింగ్ యార్డులూ పెరిగాయి. 1956లో వచ్చిన స్వచ్ఛమైన గాలి చట్టం తర్వాత చెత్తను తగలబెట్టడం తగ్గి, తినదగిన పదార్థాలు కుప్పల మీద అలాగే మిగిలాయని ఈ రంగంలో తరచుగా చెబుతారు. ఆ మాటలో నిజం ఉంది గాని, మొత్తం కథను ఆ ఒక్క చట్టం మీద వెయ్యడం నాకు సమ్మతం కాదు. కార్న్‌వాల్ వంటి చోట్ల చేపల వేట ఊళ్ళలో ఇంటి కప్పుల మీద గూళ్ళు అంతకు ఎన్నో దశాబ్దాల ముందే కనిపించాయి. చట్టం రాకముందే తలుపు తెరుచుకుంది, చట్టం తర్వాత ఆ తలుపు గుండా వచ్చేవాటి సంఖ్య పెరిగింది అనడం సబబుగా ఉంటుంది.

బ్రిస్టల్ విషయానికొస్తే, ఇక్కడ గూళ్ళు 1972 ప్రాంతంలో మొదలయ్యాయి. దగ్గరలోని బ్రిస్టల్ ఛానెల్‌లో ఫ్లాట్ హోమ్, స్టీప్ హోమ్ అని రెండు చిన్న దీవులు ఉన్నాయి, వాటి మీద అప్పట్లో పెద్ద గల్ కాలనీలు ఉండేవి. 1970లలో ఆ దీవుల పక్షులు బొటులిజం అనే విషజబ్బుతో పెద్ద ఎత్తున చనిపోయాయి. ఆ విషాన్ని తయారుచేసే సూక్ష్మజీవి గాలి ఆడని, వెచ్చని చోట పెరుగుతుంది. నల్లని ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఎండలో వదిలిన వంటింటి చెత్త దానికి అనువైన ఇల్లు. గల్ పక్షులకు కడుపునిండా పెట్టిన చెత్తే వాటిని చంపింది కూడా. దీవులు ఖాళీ అవుతున్న ఏళ్ళలోనే నగరంలో గూళ్ళు పెరిగాయి. బ్రిస్టల్ పక్షులను 1980 నుంచి ఏటా లెక్కిస్తూ, గుర్తు కోసం కాళ్ళకు ఉంగరాలు తొడుగుతూ వచ్చిన పక్షి పరిశోధకుడు పీటర్ రాక్ కృషి లేకపోతే ఈ మార్పును ఇంత వివరంగా చెప్పడం మాలో ఎవరి వల్లా అయ్యేది కాదు.

దేశం మొత్తం లెక్క కూడా చెప్పాలి. 1969–70లో జరిగిన సముద్ర పక్షుల గణనలో బ్రిటన్, ఐర్లాండ్ కలిపి భవనాల మీద గూళ్ళు పెట్టిన ఈ రెండు జాతుల జంటలు సుమారు 1,300 మాత్రమే. 1998–2002 నాటి గణనకు అవి సుమారు 30 వేలకు చేరాయి. మరోపక్క తీరం మీది కొండ చరియల్లో, దీవుల మీద హెర్రింగ్ గల్ అంతకంతకూ తగ్గుతోంది, 2009 నుంచి అది బ్రిటన్‌లో ఎర్ర జాబితాలో, అంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్న పక్షుల జాబితాలో ఉంది. మీ కప్పు మీద గోల చేస్తున్న పక్షి ఊళ్ళో ఎక్కడ చూసినా కనిపిస్తుంది గాని, తన పాత ఇంట్లో అది కనుమరుగవుతోంది. ‘ఇన్ని ఉన్నాయి కదా, కొన్నింటిని వదిలించుకుంటే ఏమవుతుంది’ అనే మాట వినబడినప్పుడల్లా నాకు బాధ కలిగేది ఇందుకే.

ఇప్పుడు కప్పు దగ్గరికి వద్దాం. పక్షి దృష్టితో చూస్తే పట్టణం అంటే రాతి దీవుల గుంపు. నక్క ఎక్కలేదు, కుక్క రాదు, మనిషి ఏడాదికి ఒకసారి కూడా పైకి చూడడు. నేను మొదటిసారి పొగగొట్టం పక్కన గూడును చేయి చాచేంత దూరం నుంచి చూసింది ఒక పాత మూడంతస్తుల ఇంటి మీద. రెండు మట్టి గొట్టాల మధ్య, పెంకులు గోడను కలిసే మూలలో, పెంకుల మీది నాచును పీకి తెచ్చి గుండ్రంగా పేర్చింది. దానిలో ఎండు గడ్డి, కొన్ని ఈకలు, ఒక నీలి ప్లాస్టిక్ తాడు ముక్క. మూడు గుడ్లు, ముదురు ఆకుపచ్చ కలిసిన మట్టి రంగు మీద నల్లని మచ్చలు. గూటి అంచున పక్షి కక్కిన ఉండలు పడి ఉన్నాయి, వాటిలో ఒకదాన్ని విడదీస్తే కోడి ఎముక ముక్కలతో పాటు పేడపురుగుల రెక్కల తొడుగులూ, గడ్డి పోగులూ వచ్చాయి. పొగగొట్టం వాయవ్యం నుంచి వచ్చే గాలిని ఆపుతోంది, ఇటుక మధ్యాహ్నపు ఎండకు వెచ్చగా ఉంది. అంతకన్నా మంచి చోటు కొండ చరియ మీద కూడా దొరకడం కష్టం.

కప్పులో మరో సౌకర్యం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. దీవుల మీద గూళ్ళు దగ్గరదగ్గరగా ఉంటాయి, దారి తప్పి పక్క గూటి వైపు నడిచిన పిల్లను పొరుగు పక్షి పొడిచి చంపుతుంది, కొన్నిసార్లు తినేస్తుంది కూడా. పట్టణంలో ఒక్కో పొగగొట్టం దిబ్బ ఒక్కో జంట సొంతం. మధ్యలో ఏటవాలు పెంకులు, గోడలు, వీధులు అడ్డు. పిల్ల తిరగడానికి చోటు తక్కువ, పొరుగు రావడానికి అవకాశం తక్కువ. అందువల్ల ఒక్కో జంట ఎగిరే దాకా పెంచగలిగే పిల్లల సంఖ్య కప్పుల మీద సాధారణంగా మెరుగ్గా ఉంటుంది. కప్పు మీద పుట్టి పెరిగిన పిల్లకు కప్పే పుట్టిల్లు. ఈ పక్షులు సుమారు నాలుగేళ్ళ వయసులో మొదటిసారి గూడు పెడతాయి, ఇరవై ఏళ్ళకు పైగా బతికేవి చాలానే ఉంటాయి, చాలా పక్షులు తాము పుట్టిన ప్రాంతానికే తిరిగి వస్తాయి, ఒకసారి పిల్లలను విజయవంతంగా పెంచిన చోటును వదులుకోవు. అంటే ఈ రోజు మీ వీధిలో ఉన్న పక్షుల్లో అనేకం సముద్రం నుంచి వచ్చినవి కావు, ఇక్కడే పుట్టినవాటి పిల్లలు, వాటి పిల్లలు.

తిండి ప్రసక్తి లేకుండా భవనం ఒక్కటే ఒక సముద్ర పక్షిని ఊళ్ళోకి రప్పించగలదని నిరూపించే ఉదాహరణ ఈశాన్య ఇంగ్లండ్‌లో ఉంది. న్యూకాసిల్ నగరానికీ గేట్స్‌హెడ్ పట్టణానికీ మధ్య టైన్ నది మీద 1928లో ప్రారంభమైన ఉక్కు వంతెన మీదా, దాని పక్క భవనాల మీదా కిట్టివేక్ అనే చిన్న గల్ గూళ్ళు పెడుతుంది. ఇది సముద్రంలో చిన్న చేపలను పట్టి బతికే పక్షి. చిప్స్ ముక్క ముందు పెట్టినా ముట్టదు. సముద్రానికి పది కిలోమీటర్లకు పైగా లోపల, వాహనాల రొద మధ్య, ఉక్కు దూలాల అంచుల మీద బురద, గడ్డి కలిపి గూడు కడుతుంది. పిల్లలకు తిండి కోసం ప్రతిసారీ నది వెంట సముద్రానికి వెళ్ళి వస్తుంది. ప్రపంచంలో సముద్రానికి ఇంత లోపల ఉన్న కిట్టివేక్ కాలనీ మరొకటి లేదని చెబుతారు. నది పొడవునా వెయ్యికి పైగా జంటలు ఉన్నాయి. దాని కంటికి ఆ వంతెన ఒక నిట్టనిలువు కొండ, కింద నీళ్ళు, పైన ఎవరూ చేరలేని అరుగులు. అంతే.

ఆ నది ఒడ్డునే ఒక పెద్ద పిండి మిల్లు ఉండేది. అది మూతపడ్డాక దాని గోడల అంచులు కిట్టివేక్‌లకు మంచి ఆవాసమయ్యాయి. తర్వాత మిల్లును కళా కేంద్రంగా మార్చి 2002లో తెరిచారు. ఆ మార్పుకు ముందే పక్షుల కోసం నది పక్కన ప్రత్యేకంగా అరలతో ఒక గోపురం కట్టారు, కొన్ని పక్షులు అందులోకి మారాయి, మరికొన్ని దగ్గరి వంతెననూ భవనాలనూ వెతుక్కున్నాయి. ఒకే నదీతీరంలో మిల్లు మూతపడటం పక్షులకు చోటిచ్చింది, దాని పునర్నిర్మాణం ఆ చోటును తీసుకుంది, నగరం ఆలోచించి కట్టిన గోపురం కొంత తిరిగి ఇచ్చింది. మనిషి పని పక్షి ఇంటిని ఎలా జరుపుతుందో చూడాలంటే న్యూకాసిల్ వెళ్ళినప్పుడు మే నెలలో ఆ వంతెన కింద ఒక గంట నిలబడండి, ‘కిట్టి-వేక్’ అని తన పేరే తాను పిలుచుకునే ఆ అరుపు చాలాకాలం చెవుల్లో ఉంటుంది.

తరిమితే పోతాయి కదా అనే ఆలోచనకూ అనుభవం ఉంది. స్కాట్లాండ్ తూర్పు తీరంలోని ఐల్ ఆఫ్ మే దీవిలో 1972 నుంచి కొన్నేళ్ళ పాటు హెర్రింగ్ గల్ పక్షులను పెద్ద సంఖ్యలో చంపారు. దీవి మీద సంఖ్య తగ్గింది. అయితే మొదటిసారి గూడు పెట్టబోయే వయసు పక్షులు చంపిన ప్రదేశాన్ని తప్పించి వేరే చోట్లకు వెళ్ళాయని తర్వాతి పరిశోధనలో తేలింది. చంపిన పక్షులతో పాటు రాబోయే పక్షులు కూడా ఆ చోటుకు దూరమయ్యాయి, అవి మాయం కాలేదు, మరొక చోట చేరాయి. నెదర్లాండ్స్‌లో మనిషి నేరుగా తరమలేదు. అక్కడి తీరపు ఇసుక దిబ్బల్లోకి నక్కలు తిరిగి చేరాక నేల మీది గల్ కాలనీలు చెదిరిపోయాయి, పక్షులు ఐముయిడెన్ వంటి రేవు ఊళ్ళ, లైడెన్ వంటి నగరాల కప్పులకు ఎక్కాయి. కారణం తుపాకీ అయినా నక్క అయినా పక్షి చేసే లెక్క ఒకటే. పాత చోట పిల్ల బతకదు, కొత్త చోట బతుకుతుంది.

ఇక తిండి. నిజానికి ఈ మొత్తం విషయంలో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఇదే. పట్టణపు గల్ మన చెత్తను ఎంత బాగా ఎరుగునో, మన గడియారాన్ని కూడా అంత బాగా ఎరుగును. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 12 నల్లవీపు గల్ పక్షుల వీపులకు చిన్న జీపీఎస్ పరికరాలు తగిలించి, ఒక పాఠశాల, ఒక పార్కు, ఒక చెత్త సేకరణ కేంద్రం దగ్గర వాటి రాకపోకలను గమనించారు. పాఠశాల దగ్గరికి అవి బడి మొదలయ్యే ముందు, విరామ సమయాల్లో, భోజన వేళకు చేరాయి. చెత్త కేంద్రానికి అది తెరిచి ఉండే గంటలలో వెళ్ళాయి. పార్కు విషయంలో మాత్రం మనుషుల రాక ప్రధానం కాలేదు, పురుగులూ వానపాములూ దొరికే తెల్లవారు వేళలే దాన్ని నిర్ణయించాయి. ఒకే పక్షి ఒకే ఊళ్ళో మూడు వేళాపట్టికలు గుర్తుపెట్టుకుని నడుచుకుంటోంది.

ఈ పరిశోధన వెలువడక ముందు నేను ఒక పాఠశాల ఎదురుగా గూళ్ళ లెక్క కోసం రెండు వారాలు కూర్చున్నాను. ఉదయపు విరామానికి పది నిమిషాల ముందు ఆటస్థలం చుట్టూ ఉన్న కప్పుల శిఖరాల మీద ఒక్కొక్కటే వచ్చి వాలేవి, ఒకదానికొకటి చేయి చాచినంత దూరంలో, అన్నీ ఆటస్థలం వైపే ముఖం పెట్టి. పిల్లలు బయటికి వచ్చినంతసేపూ కదిలేవి కావు. గంట మోగి చివరి పిల్లవాడు లోపలికి వెళ్ళి తలుపు మూసుకోగానే అన్నీ ఒక్కసారి దిగేవి, మూడు నాలుగు నిమిషాల్లో రొట్టె అంచులు, చిప్స్ ముక్కలు ఏరుకుని వెళ్ళిపోయేవి. శనివారం, ఆదివారం ఆ శిఖరాల మీద రెండు మూడు మాత్రమే కనిపించాయి. ఆ రెండు వారాల్లో ఆటస్థలంలో ఏ పిల్లవాడి చేతిలోంచీ ఒక్క ముక్క లాక్కోవడం నేను చూడలేదు.

చేతిలోంచి లాక్కునేవి ఉన్నాయి, కాదనను, తీరపు ఊళ్ళలో అది నిజమైన బెడద. అయితే అన్ని గల్ పక్షులూ దొంగలు కావు. కార్న్‌వాల్‌లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు చిప్స్ ఉన్న సంచిని ముందు పెట్టి కూర్చుని 74 హెర్రింగ్ గల్ పక్షులను పరీక్షించబోతే, వాటిలో 27 మాత్రమే ముందుకు వచ్చాయి. మనిషి తమ వైపే చూస్తున్నప్పుడు వాటికి సగటున 21 సెకన్లు ఎక్కువ పట్టింది. అదే బృందం తర్వాత, మనిషి చేత్తో పట్టుకుని కింద పెట్టిన తినుబండారాన్ని పక్షులు ఎక్కువగా ఎంచుకుంటాయని కూడా చూపించింది. మన చూపు ఎటు ఉందో, మన చేయి దేన్ని తాకిందో అవి గమనిస్తున్నాయి. సముద్రం ఒడ్డున తినేటప్పుడు గోడకు వీపు ఆనించి, పక్షి వైపు చూస్తూ తినమని నేను అందరికీ చెప్పేది ఈ ప్రయోగాల బలం మీదే.

మీ రెండో ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలను. వీధిలో తిండి పారెయ్యడం మానేస్తే ఈ పక్షులు వెళ్ళిపోతాయా? వెంటనే వెళ్ళవు. బ్రిస్టల్ పక్షులు ఊరి వీధుల మీదే ఆధారపడి లేవు. ఊరవతల దున్నిన పొలాల్లో ట్రాక్టరు వెనకాల నడుస్తాయి, పచ్చిక మైదానాల్లో కాళ్ళతో టపటపా తొక్కుతూ వానపాములను పైకి రప్పిస్తాయి, వేసవిలో ఎగిరే చీమలను గాలిలోనే పట్టుకుంటాయి. వీధి దీపాల వెలుగులో రాత్రి కూడా మేత వెతకగలవు. అయితే తిండి ఒకటొకటిగా తగ్గినప్పుడు ఏమవుతుందో తీరంలో కనిపిస్తూనే ఉంది. చెత్తను భూమిలో పూడ్చడం మీద 1996లో బ్రిటన్ పన్ను వేసింది, 1999లో ఐరోపా సమాఖ్య ఆదేశం వచ్చింది, డంపింగ్ యార్డులకు చేరే వంటింటి చెత్త తగ్గుతూ వచ్చింది. సముద్రంలోకి చేపలను విసిరెయ్యడం మీద 2015 నుంచి 2019 వరకు దశలవారీగా నిషేధం అమలైంది. పడవల వెనకా, యార్డుల మీదా బతికిన పక్షులకు ఇవి రెండూ పెద్ద దెబ్బలే. నా అభిప్రాయంలో ఈ మంచి చట్టాల ఫలితంగానే కొంత గల్ జనాభా మరింత లోపలికి, మరింత వీధుల్లోకి జరిగింది. యార్డు మూసినంత మాత్రాన పక్షి తక్షణం చనిపోదు, తర్వాతి దగ్గరి తిండి ఎక్కడుందో వెతుక్కుంటుంది, ఆ తర్వాతి దగ్గరి తిండి మన గుమ్మం ముందు పెట్టిన నల్ల సంచి.

అందుకే చెత్త సంచుల విషయంలో నేను పట్టుదలగా ఉంటాను. బ్రిస్టల్‌కు దగ్గరలోని బాత్ వంటి ఊళ్ళలో ముక్కుతో చీల్చలేని గట్టి సంచులను ఇళ్ళకు ఇచ్చారు, చెత్తను రాత్రి కాక ఉదయం బయట పెట్టమన్నారు. ఇలాంటి పని ఒక వీధిలో ఒక ఇల్లు చేస్తే ప్రయోజనం లేదు, వీధి మొత్తం చేస్తే ఆ వీధిలో గూళ్ళకు తిండి మోసుకొచ్చే శ్రమ పెరుగుతుంది, పిల్లల సంఖ్య మీద దాని ప్రభావం కొన్నేళ్ళలో పడుతుంది. అప్పటికీ కప్పులు అలాగే ఉంటాయి. కిట్టివేక్ కథను గుర్తుపెట్టుకోండి, చోటు నచ్చితే తిండి కోసం దూరం వెళ్ళడానికి పక్షి వెనకాడదు.

ఇక మీ ఇల్లు. గూడు పెట్టాక ముట్టుకోకూడదు. 1981 నాటి వన్యప్రాణుల చట్టం ప్రకారం వాడుకలో ఉన్న గూటినీ గుడ్లనూ పిల్లలనూ అనుమతి లేకుండా తొలగించడం నేరం. గుడ్లు సుమారు నాలుగు వారాలు పొదుగుతాయి, ఆ తర్వాత ఐదారు వారాలకు పిల్లలు ఎగురుతాయి. ఆగస్టు మధ్యకల్లా మీ కప్పు ఖాళీ అవుతుంది. ఈలోగా పెద్ద పక్షులు మీ తల మీదికి దూకితే అది చాలావరకు జూన్ చివర, జూలై నెలల్లో పిల్ల గూటి నుంచి జారి తోటలో పడినప్పుడే జరుగుతుంది. గొడుగు విప్పి నడవండి, అవి ఎత్తయిన వస్తువు పైభాగం మీదే దూకుతాయి. కింద పడిన పిల్ల బూడిద రంగు నూగుతో, నల్లని చుక్కలతో ఉంటుంది, నోరు తెరిచి భయపెడుతుంది. అది గాయపడకపోతే దాన్ని ఇంటికి తెచ్చి పెంచవద్దు, రోడ్డు మీద ఉంటే దగ్గరలోని ఎత్తయిన గోడ మీదో చిన్న కప్పు మీదో పెట్టండి, తల్లిదండ్రులు అక్కడే తిండి పెడతాయి.

కప్పు ఖాళీ అయ్యాక, సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి లోపు పని చెయ్యాలి. పొగగొట్టం గొట్టాల మధ్య, పెంకు గోడను కలిసే మూలలో గూడు నిలిచే ఆధారం లేకుండా చెయ్యడమే అసలు ఉపాయం. నిటారైన ఊచలతో అల్లిన చట్రం, లేదా బిగువుగా కట్టిన గట్టి వల అనుభవం ఉన్న పనివారి చేత వేయించండి. వదులుగా కట్టిన వలలో చిక్కుకుని రెక్కలు విరిగిన పక్షులను నేను చాలా కిందికి దించాను, చాలావాటిని కాపాడలేకపోయాను. ఇళ్ళ మీద పెట్టే ప్లాస్టిక్ గుడ్లగూబ బొమ్మల మీద డబ్బు పెట్టకండి, రెండో వారానికే దాని తల మీద గల్ కూర్చుంటుంది. ఒక విషయం ముందే తెలుసుకోవాలి. మీ కప్పు మూసుకుంటే ఆ జంట సముద్రానికి వెళ్ళదు, మీ పక్కింటి పొగగొట్టానికి వెళ్తుంది. అందుకని ఇరుగుపొరుగుతో మాట్లాడి, వరుసలోని నాలుగైదు ఇళ్ళ వారు కలిసి ఒకేసారి వేయించుకుంటే అందరికీ మంచిది. ఎవరో ఒకరి చదును గ్యారేజీ కప్పు మీద, మనుషులు పడుకునే గదులకు దూరంగా, ఒక జంటకు చోటు వదిలిపెట్టడానికి వీధి ఒప్పుకుంటే మరీ మంచిది, నేను పనిచేసిన రెండు వీధుల్లో అలా ఒప్పుకున్నారు.

మార్చి మొదటి వారంలో ఒక ఉదయం మీ పొగగొట్టం మీద రెండు పక్షులు మెడలు ఎత్తి, ముక్కులు ఆకాశానికి పెట్టి గట్టిగా అరవడం వింటారు. అది దాదాపు ఖచ్చితంగా ఈ ఏటి జంటే. అప్పటికి చట్రం బిగించి ఉంటే ఒకటి రెండు వారాలు చుట్టూ తిరిగి, గడ్డి తెచ్చి పెట్టి చూసి, నిలవక వేరే చోటు వెతుక్కుంటాయి. ఇంకా బిగించకపోతే, అవి గూడు కట్టడం మొదలుపెట్టాక ఆ ఏటికి మరి చెయ్యగలిగింది లేదు, ఆగస్టు దాకా ఆగండి.